పెదపూడి వారి ఏడుపు

పెదపూడి వారి వంశం ఏడు తరాలుగా జనాన్ని ఏడిపిస్తోంది. ఇంకెవరన్నా ఈ పని చేస్తే పంచాయితీ పెట్టేవాళ్ళు. వీళ్ళు చేస్తే మాత్రం తెనాలి జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్ళి, ఏడ్చి, ముక్కు చీదుకుని, "వన్స్ మోర్" అని అరిచి, ఇంకోసారి ఏడిపించుకుని హాయిగా ఇంటికెళ్ళేవాళ్ళు.

ఆ వంశంలో మిగిలిన ఆఖరి ఏడిపించేవాడు సుందరాచారి. అరవై దాటిన మనిషి. గొంతు వింటే కంచు, పొట్ట చూస్తే కంచం. "నేను పాత్ర లేకుండా ఒక్క పూట కూడా లేనయ్యా. వేషాల్లేని రోజుల్లో మా కనకం వంటింటి పాత్రలిచ్చేది, తోమమని" అని చెప్పి, అవతలివాడు నవ్వేలోపు తనే నవ్వేసేవాడు. కనకం ఆయన భార్య. వాళ్ళ నాటక సమాజంలో హార్మోనియం ఆమెదే. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

ఆ సమాజం పేరు చెబితే గుర్తొచ్చే నాటకం 'చంద్రకేతు విజయం', సుందరాచారి ముత్తాత రాసింది. పేరులోనే విజయం. జనం వెళ్ళేది మాత్రం మూడో అంకంలో యుద్ధభూమి కోసం. చచ్చిపడున్న కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని చంద్రకేతు మహారాజు "లేవవేలరా తండ్రి" అని పద్యం ఎత్తుకుంటాడు. పద్యం అయ్యీ అవకముందే హాలంతా వన్స్ మోర్. రాజు మళ్ళీ పాడాలి, కొడుకు మళ్ళీ చావాలి. ఓ వేసవిలో వన్స్ మోర్లు ఎక్కువై శవం లేచి మంచినీళ్ళు తాగొచ్చి పడుకుంది. ఎవరూ తప్పు పట్టలేదు. ఎండలు అలాంటివి.

ముందు వరసలో మాత్రం కొందరు ముసలి రసికులు కళ్ళు మూసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళు అరిచేది మళ్ళీ అదే కావాలని కాదు. మొదటిసారి రాగం ఎక్కడ సాగింది, రెండోసారి గొంతు ఎక్కడ విరిగింది, దీనిలో ఉన్నది దానిలో ఎందుకు లేదు అని తూకం వేసుకోవడానికి. వేరే సమాజాల నాటకాల్లో రెండోది మొదటిదానికి నకలైతే మాట్లాడకుండా లేచి టీ తాగడానికి పోయేవాళ్ళు. సుందరాచారి పాడుతుంటే వాళ్ళలో ఒక్కడు కూడా ఎన్నడూ టీ తాగలేదు. అది ఆయన గర్వం. ఆ గర్వానికి పొట్టకున్నంత చుట్టుకొలత ఉండేది.

*

ఆయన కూతురు నీలవేణి నరాల ఇంజనీరు. ఒంట్లో నరాలు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటాయో వినే పరికరాలు చేస్తుంది. తండ్రి రిహార్సల్ షెడ్డులో సగం పట్టుకుని ప్రయోగశాల పెట్టింది. అటు సగం కిరీటాలు, ఇటు సగం కంప్యూటర్లు. ఎలుకలకి మాత్రం ఏ తేడా లేదు, రెండిట్నీ సమానంగా కొరికేవి.

"నీ తర్వాత ఎవరు నాన్నా?" అని అడిగింది ఒకరోజు.

"నా తర్వాత తెర" అన్నాడు సుందరాచారి.

"జోకులు కాదు. నీ దగ్గరికి నేర్చుకోవడానికొచ్చినవాళ్ళు ఆరు నెలలు కూడా ఉండట్లేదు. సినిమాల్లో ముఖాలు కంప్యూటర్లే చేస్తున్నాయి. జనానికేమో అవి మొహం మొత్తి, నిజంగా ఏడ్చేవాడు కావాలంటున్నారు. ఆ ఏడుపు నీ దగ్గర ఉంది. నీతో పోనివ్వను."

అలా పుట్టింది రసపట్టీ. మెడ వెనక అతుక్కునే మెత్తటి పట్టీ. నటుడు ఏడుస్తున్నప్పుడు ఊపిరి ఎక్కడ ఆగింది, గొంతు ఎక్కడ బిగుసుకుంది, గుండె ఎప్పుడు దడదడలాడింది, కన్నీటి గ్రంథికి ఏ క్షణాన కబురెళ్ళింది, అంతా వెన్నులోంచి విని దాచుకుంటుంది. తర్వాత దాన్ని శిష్యుడి మెడకు అంటిస్తే, ఆ కబుర్లనే వాడి నరాలకు చెబుతుంది.

"ఏ రసం పడుతుందే ఇది?" అన్నాడు సుందరాచారి పట్టీని అటూ ఇటూ తిప్పి.

"కరుణ రసం."

"మిరియాల రసం కూడా పడితే బాగుండేది. మీ అమ్మ పోయాక ఈ ఇంట్లో ఏ రసమూ కుదర్లేదు."

నవ్వుతూనే పట్టీ పెట్టించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

ఆయన విద్యకి ఒక రహస్యం ఉంది. శిష్యులకి చెప్పేవాడు కూడా: "ప్రతివాడి లోపలా గోడకొక మేకు ఉంటుందిరా. నీ దుఃఖాన్ని దానికి తగిలించుకో. కావలసినప్పుడు తీసి తొడుక్కో. పని కాగానే మళ్ళీ తగిలించెయ్. ఇంటికి తొడుక్కుపోకు, మాసిపోద్ది." తన మేకు ఏమిటో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కనకం రంగం మీద ఆయనకు శ్రుతి అందించేటప్పుడు మధ్యవేలు హార్మోనియం మెట్టు మీద పెట్టి, దాని మీద చూపుడువేలు ఎక్కించి నొక్కేది. ఒక వేలికి బలం చాలదన్నట్టు. గుంటూరు ఆసుపత్రిలో ఆఖరి పూట ఆమెకు మాట లేదు, చూపు లేదు. మంచం ఇనుప పట్టె మీద మధ్యవేలు, దాని మీద చూపుడువేలు. నొక్కి పెట్టింది. ఆయనకు తెలిసిపోయింది, అది తను పాడే నాలుగో శ్రుతి. ఏ నాటకంలో ఉందో, ఎవరి ప్రవేశం కోసం పట్టుకుందో. ఆయన ప్రవేశించలేదు. పక్కన నిలబడి ఉండిపోయాడు. వేళ్ళు జారాయి.

ప్రతి నాటకంలోనూ పద్యానికి ముందు సుందరాచారి ఆ వేళ్ళని చూసేవాడు. ఆ రోజు షెడ్డులోనూ చూశాడు. పద్యం పాడేసరికి నీలవేణి కంప్యూటరు తెర మీద గీతలు తుఫానులో తాటిచెట్లలా ఊగిపోయాయి.

"అద్భుతం నాన్నా! ఇంకోసారి."

కూతురు వన్స్ మోర్ అంటే కాదనే తండ్రి ఎవడు? ఆ వారమంతా ఇంకోసారి, ఇంకోసారి. ప్రతిసారీ ఆ మంచం పట్టె దగ్గరికి వెళ్ళి, ఆ వేళ్ళని తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

*

పట్టీ పెట్టుకున్న మొదటి శిష్యుడి పేరు నిశ్చల్. సినిమా నిర్మాత కొడుకు. పేరుకు తగ్గ ముఖం, ఎటుపక్క నుంచీ కదలదు. ప్రేమ వచ్చినా పంటినొప్పి వచ్చినా ఒకటే భావం. కుర్రాడు మంచివాడు, కష్టపడేవాడు. ముఖమే కష్టపడేది కాదు.

"గట్టిగా కూర్చో. గొంతు బిగదీస్తుంది, భయపడకు" అంది నీలవేణి.

పట్టీ పని మొదలెట్టింది. నిశ్చల్ పద్యం ఎత్తుకున్నాడు. మూడో పాదంలో ఊపిరి ఠక్కున ఆగింది, గడ్డం వణికింది, ఎడమ కంట్లోంచి నీళ్ళు జర్రున జారాయి.

"గురువుగారూ!" అన్నాడు పద్యం ఆపేసి. "నా ముక్కు కూడా ఏడుస్తోందండీ!"

"అది నా ముక్కురా నాయనా. నీ ముఖం మీద కాపురం పెట్టింది." సుందరాచారి లేచి కూతుర్ని దగ్గరకు తీసుకున్నాడు. ఏడు తరాల విద్య ఎవరెవరి ఒంట్లోకో వెళ్తోంది. కొడుకు లేడని జాలిపడ్డ బంధువులందర్నీ పిలిచి చూపించాలనిపించింది. "పెదపూడి వారి ఇంట ఈ ఏడుపుగొట్టు సంబడం మొదలెట్టింది మా ముత్తాతకి ముత్తాత. ముందుకు మోసుకుపోయేది నా కూతురు!" అని ఆ వారం కూరగాయల మార్కెట్లో కనపడ్డ ప్రతివాడికీ చెప్పాడు. వంకాయలమ్మే ఆమెకు రెండుసార్లు చెప్పాడు.

*

శుక్రవారం పొద్దున్నే కనకం హార్మోనియం తుడవడం ఆయనకు అలవాటు. నాలుగో శ్రుతి మెట్టు దగ్గరికి రాగానే గుడ్డ ఆగేది. కాసేపు అలా నిలబడి, గొంతు సవరించుకుని, మిగతాది తుడిచేవాడు.

ఆ శుక్రవారం తుడిచేసి, గుడ్డ దులిపి, టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్ళాడు. పాలు పొంగుతుంటే తట్టింది. గుడ్డ ఆగలేదు.

స్టవ్ ఆర్పి, అక్కడే నిలబడి, మేకు వెతికాడు. ఆసుపత్రి వచ్చింది. ఫినాయిలు వాసన వచ్చింది. ఇనుప పట్టె, మధ్యవేలు, దాని మీద చూపుడువేలు, అన్నీ ఒక్కటి తప్పకుండా వచ్చాయి. పేపర్లో ఎవరి గురించో చదివినట్టు వచ్చాయి. పాపం, ఎవరో పెద్దావిడ పోయింది.

టీ తాగాడు. బాగానే ఉంది. బాగానే ఉండటం చూసి భయపడ్డాడు.

కూతురితో అనలేదు. నటుడన్నవాడు రంగం మీద కిరీటం జారితే ఏం చేస్తాడు? అది నాటకంలో భాగమే అన్నట్టు పట్టుకుంటాడు. సుందరాచారీ అదే చేశాడు.

కనకం ఆబ్దికం వచ్చింది. పిండాలు పెట్టారు, బ్రాహ్మడు వెళ్ళిపోయాడు. భోజనాలయ్యాక నీలవేణి తండ్రి పక్కన కూర్చుంది.

"నాన్నా, ఆఖరిసారి. ఇవాళ అమ్మ రోజు. ఇవాళ తీసింది నిశ్చల్ సాయంత్రం తెనాలి హాల్లో ప్రదర్శనకి పెట్టుకుంటాడు."

ఆయన పట్టీ పెట్టించుకున్నాడు. పద్యం పాడాడు. ఆహా! ఊపిరి తెగింది, గడ్డం వణికింది, కన్నీళ్ళు చెంపల మీద నుంచి గడ్డం కొసకు చేరి పంచె మీద పడ్డాయి. కిటికీలోంచి చూస్తున్న పక్కింటావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

నీలవేణి ఆయన్ని చూడటం లేదు. కంప్యూటరు తెరని చూస్తోంది. దాని మీద గీత బట్టలారేసే తీగలా తిన్నగా ఉంది.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"కనపడట్లా?"

"నాకు కనపడుతోంది. దీనికి కనపడట్లేదు."

"చెడిపోయి ఉంటది."

"చెడిపోలేదు." ఆమె తెర వదిలి తండ్రి వైపు తిరిగింది. "ఎప్పటి నుంచి నాన్నా?"

సుందరాచారి కళ్ళు తుడుచుకున్నాడు. ఒక్క తుడుపుకి ముఖం పొడిబారిపోయింది. దాచి లాభం లేదు. లాభం లేదని తెలిసినా గర్వం ఊరుకోలేదు. "అది సరే గానీ, మిషను లేకపోతే నువ్వు కూడా నమ్మేదానివే కదే?"

నీలవేణి భోరుమంది. ఆ షెడ్డులో ఆ పూట నిజంగా ఏడ్చింది ఆమె ఒక్కతే.

తర్వాత, వెక్కిళ్ళ మధ్య చెప్పింది. జ్ఞాపకాన్ని పైకి తీసిన ప్రతిసారీ అది తడి మట్టిలా మెత్తబడుతుందట. మళ్ళీ గట్టిపడేలోపు పట్టీ దాని అచ్చు తీసుకుంటుంది. తీసిన ప్రతిసారీ కొంచెం మట్టి అచ్చుకే అంటుకుపోయింది. బొమ్మ మిగిలింది. తడి మిగల్లేదు.

"అమ్మని నీ దగ్గర్నుంచి నేను తీసేసుకున్నాను నాన్నా."

"నువ్వు తీసుకోలేదే, నేనిచ్చాను. అడిగినప్పుడల్లా పోసిచ్చాను. పోసేవాడికి కుండ ఖాళీ అవుతుందని తెలియదా?"

దాచుకున్న దాన్ని ఆయనకే తిరిగిచ్చి చూసింది. పట్టీ ఆయన మెడ మీద ఆయన ఏడుపునే మోగించింది. ఊపిరి ఆగింది, నీళ్ళొచ్చాయి. మళ్ళీ పెట్టింది. అదే చోట ఆగింది, అదే కంట్లోంచి వచ్చాయి. సుందరాచారి పట్టీ ఊడదీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవడో గానీ బాగానే ఏడ్చాడు" అన్నాడు. "నాకు మాత్రం పరిచయం లేదు."

"ప్రదర్శన ఆపేద్దాం."

"ఊరంతా పోస్టర్లేశాం. నేను పోగొట్టుకున్నదానికి ఫలితం ఆ కుర్రాడి నోట్లో ఉంది. దాన్ని కూడా పారేస్తావా? నడువ్."

*

పద్య నాటకాల్లో ఒకే రాత్రి ఒకే పాత్రకి ఇద్దరు ముగ్గురు నటులు కట్టడం మామూలే. ఒక అంకంలో ఒక రాజు, తర్వాతి అంకంలో ఇంకో రాజు. జనం మారిన పొట్టను పట్టించుకోరు. ఆ సాయంత్రం యుద్ధభూమి నిశ్చల్‌ది. ఆఖరి పట్టాభిషేకం సుందరాచారిది. కాబట్టి ఆయన అప్పటికే కిరీటం పెట్టుకుని తెర పక్కన కుర్చీలో సిద్ధంగా ఉన్నాడు. కనకం హార్మోనియానికి దండ వేసి, ఆనవాయితీగా రంగం వారనే పెట్టారు. వాయించేవాళ్ళు లేరు. శ్రుతి నీలవేణి చేతిలోని ట్యాబ్‌లోంచి వస్తోంది, పట్టీని నడిపేది కూడా ఆ ట్యాబే.

నిశ్చల్ పద్యం ఎత్తుకున్నాడు. కంఠహారాల కింద పట్టీ ఎవరికీ కనపడలేదు. మూడో పాదంలో ఊపిరి ఆగేసరికి హాలు హాలంతా ఊపిరి ఆపేసింది. ఎడమ కంట్లోంచి నీటిచుక్క. ఈలలు, చప్పట్లు.

"వన్స్ మోర్! వన్స్ మోర్!"

కుర్చీలో సుందరాచారి ఛాతీ పొంగి కవచం బకిల్ ఊడింది.

నీలవేణి ట్యాబ్ మీద మళ్ళీ నొక్కింది. ఆ తప్పు ఈ ఇంటి పిల్ల తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆమె పుట్టిన దగ్గర్నుంచి వన్స్ మోర్లు విన్నది. కానీ హార్మోనియం పక్కన, తల్లి ఒళ్ళో కూర్చుని విన్నది. అటువైపు నుంచి వింటే వన్స్ మోర్ అంటే మళ్ళీ అదే మెట్టు, మళ్ళీ అదే శ్రుతి. మారేది అంతా ఇటువైపు, పాడేవాడి గొంతులో.

నిశ్చల్ మళ్ళీ పాడాడు. మూడో పాదంలో అదే అక్షరం మీద ఊపిరి ఆగింది. అదే వణుకు. అదే ఎడమ కన్ను.

ముందు వరసలో మూసుకున్న కళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

"అబ్బాయ్!" అన్నాడు ఒక పెద్దమనిషి, మర్యాదగానే. "ఇందాకటి దాన్నే పెట్టావేందయ్యా? వన్స్ మోర్ అన్నాం గానీ రికార్డు వెయ్యమన్నామా?"

హాల్లో నవ్వు. కుర్చీలు కిర్రుమన్నాయి. ముందు వరస టీకి లేచింది. నిశ్చల్ ఒళ్ళో శవాన్ని పెట్టుకుని, తనే శవంలా కూర్చుండిపోయాడు. పెదపూడి వారి నాటకం నడుస్తుండగా జనం లేచిపోవడం ఈ ఏడు తరాల్లో ఇదే మొదటిసారి.

సుందరాచారి రంగం మీదికి నడిచాడు.

ఒక యుద్ధభూమి, ఇద్దరు చంద్రకేతులు. లేచిన జనం తలుపుల దగ్గర ఆగారు. కింద శవం ఒక కన్ను తెరిచింది.

"గురువుగారూ, ఇప్పుడు నేనెవరి కొడుకునండీ?" అంది రహస్యంగా.

"నోరు మూసుకుని చావరా."

శవం తలని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. పద్యం ఎత్తుకోవాలి. కళ్ళు మూసుకుని మేకు కోసం తడిమాడు. గోడ నున్నగా ఉంది. కావాలంటే కంటి నీళ్ళు తెప్పించగలడు, పక్కింటావిడకి చాలినన్ని. ముందు వరసకి అవి చాలవని ఆయనకు తెలుసు. జీవితంలో మొదటిసారి రంగం మీద ఏం చెయ్యాలో తెలియలేదు.

శ్రుతి ఆగిపోయింది. నీలవేణి ట్యాబ్ కట్టేసింది.

ఆ వెంటనే నాలుగో శ్రుతి లేచింది. కొంచెం బొంగురుగా, కొంచెం దుమ్ముగా, గాలి పోసుకుంటూ. కళ్ళు తెరిచాడు. రంగం వారన దండ పక్కకు జరిపి తల్లి హార్మోనియం ముందు నీలవేణి కూర్చుంది. ఆమె వేళ్ళు ఎలా ఉన్నాయో ఆమెకే తెలియదు. మధ్యవేలు మెట్టు మీద. దాని మీద చూపుడువేలు. ఒక వేలికి బలం చాలదన్నట్టు.

కనకం వేళ్ళు జారిపోయాయి. ఇవి జారటం లేదు. వణుకుతున్నాయి గానీ పట్టుకునే ఉన్నాయి, ఆయన ప్రవేశం కోసం.

ఈసారి ప్రవేశించాడు.

"లేవవేలరా తండ్రి" అని ఆయన ఏడుస్తూ పాడలేదు. బతికున్న బిడ్డని, పరీక్ష రోజు పొద్దున పక్కలో కూర్చుని బుగ్గ మీద తట్టి లేపే తండ్రి ఎలా అంటాడో అలా అన్నాడు. లేస్తాడన్న నమ్మకంతో. లేస్తే ఎంత ఎదుగుతాడో చూద్దామన్న గర్వంతో. అది కూతుర్ని చూస్తూ పాడాడు. ఒళ్ళో ఉన్నవాడు మాత్రం లేవలేదు. తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. టీ గ్లాసు పట్టుకుని వచ్చిన పెద్దమనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కవాడి చేతిలో పెట్టాడు, వాడు ఏడుస్తూ తాగేశాడు.

"వన్స్ మోర్!"

సుందరాచారి నిశ్చల్ వైపు తిరిగాడు. మెడ వెనక చెయ్యి పెట్టి పట్టీ చర్రున లాగేశాడు.

"ఇప్పుడు నువ్వు."

"నా లోపల ఏముందండీ గురువుగారూ?" అన్నాడు కుర్రాడు. "నాకే కష్టమూ రాలేదు ఇంతవరకూ."

"ఇందాక నీ ముందు నుంచి జనం లేచిపోయారే. అది ఉంది. దానికి తగిలించు."

రాజు రాజుకి కొడుకుని అప్పజెప్పాడు. శవం నిట్టూర్చి తల మార్చుకుంది. సుందరాచారి రంగం వారకి వచ్చి హార్మోనియం పక్కన, కూతుర్ని ఆనుకుని, కిరీటంతో సహా కింద చతికిలబడ్డాడు.

నిశ్చల్ ఎత్తుకున్నాడు. రెండో పాదంలో స్వరం తప్పాడు. మూడో పాదంలో ఎవరూ ఊహించని చోట గొంతు విరిగింది. ఆ ముఖం కదిలింది. కదిలీ కదిలీ, ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అంతా ఒక్కసారి బయటికొచ్చింది. కానీ ఊపిరి మాత్రం తెగలేదు. విరిగిన గొంతు కింద ఊపిరి గట్టిగా, గుండ్రంగా, ఏ పాదానికి ఎంత కావాలో అంత నిలబడింది. పట్టీ వాడి ఒంటికి నేర్పిపెట్టింది, పట్టీ పోయాక కూడా పోలేదు.

ముందు వరస కళ్ళు మూసుకుంది.

"నాన్నా, ఆ ఊపిరి చూడు. అచ్చం నీదే" అంది నీలవేణి, మెట్టు మీద వేళ్ళు తియ్యకుండా.

"ఊపిరి నాది. నేర్పింది నీ పట్టీ. శ్రుతి మీ అమ్మది" అన్నాడు సుందరాచారి. "ఏడుపు ఒక్కటే వాడి సొంతం. ఆస్తి పంపకం ఇంత బాగా ఎక్కడా జరగలేదే."

కనకం పోయిన దుఃఖం పోయింది. అది రాదు, ఆయనకు తెలుసు. వెతకటం మానేశాడు. కనకం మాత్రం పోలేదు. ఇదిగో, మధ్యవేలి మీద చూపుడువేలు వేసుకుని పక్కనే కూర్చుంది.

హాల్లో మళ్ళీ కేక లేచింది. శవం "అమ్మో" అంది. నీలవేణి తల తిప్పి తండ్రి ముఖంలోకి చూసింది. మేకప్పు మీద రెండు చారలు, రెండు కళ్ళ కింద.

"నాన్నా, ఏడుస్తున్నావా?"

"కనపడట్లా?"

ట్యాబ్ ఆమె మోకాలి పక్కనే ఉంది. అటు చూడలేదు.

"కనపడుతోంది" అని, నాలుగో శ్రుతి ఇంకొంచెం గట్టిగా నొక్కింది.